నొప్పి విలువ నేర్పిన వైద్య మిషనెరీ: డాక్టర్ పాల్ బ్రాండ్ గారి జీవితము

ఈ సంచికలో డాక్టర్ పాల్ విల్సన్ బ్రాండ్ గారి జీవితమును మీ ముందు ఉంచుచున్నాము. మన పెద్దలలో చాలామందికి ఈ పేరు తెలుసు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కుష్ఠురోగుల చేతులు బాగుచేసిన దొరగారని చెబితే ఇంకా ఎక్కువమంది గుర్తుపడతారు. ఆయన 2003లో కన్నుమూశారు. ఆయన కనిపెట్టిన సంగతి మాత్రము నేటికీ మన ఇండ్లలో సరిగా తెలియదు. తెలియకపోవడమువలన నష్టము జరుగుతూనే ఉన్నది. అందుకే వ్రాస్తున్నాము.

ముందుగా మా తప్పు ఒప్పుకోవాలి. మేము ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని బడిలో చేరిన క్రొత్తలో, ఆరోగ్య పాఠము చెబుతూ, కుష్ఠురోగము వ్రేళ్లను తినివేస్తుందని పిల్లలకు బోధించాము. మా పెద్దలు మాకు చెప్పినదే మేము వారికి చెప్పాము. మా చిన్నతనములో మా ఊరి గుడికి ఒక పెద్దాయన వచ్చేవాడు. ఆయన చేతులకు సగము వ్రేళ్లే ఉండేవి. ఆయన వరండాలోనే కూర్చునేవాడు. ప్రభు భోజనపు ఆదివారమున ఆయన గిన్నె వేరు. ఎవరూ ఆయనను పొమ్మని అనలేదు, లోపలికి రమ్మని కూడా అనలేదు. కొంతకాలమునకు రావడము మానివేశాడు. ఆయన వ్రేళ్లు రోగము తినలేదని మేము చాలా ఆలస్యముగా తెలుసుకొన్నాము. ఆ సంగతిని లోకమునకు రుజువు చేసినవారు బ్రాండ్ గారే.

కొల్లిమలలో బాల్యము

పాల్ బ్రాండ్ గారు 1914 జూలై 17న ఊటీలో పుట్టారు. తండ్రి జెస్సీ బ్రాండ్ గారు, తల్లి ఎవలిన్ అమ్మగారు. వీరు స్ట్రిక్ట్ బాప్టిస్టు మిషను పంపిన సేవకులు. తమిళనాడులో నామక్కల్ దగ్గర కొల్లిమల అనే కొండలున్నాయి. అప్పట్లో అక్కడికి రోడ్డు లేదు. మలేరియా ఎక్కువ. మైదానపు జనము ఆ కొండ ఎక్కడానికి భయపడేవారు. ఈ దంపతులు అక్కడ కాపురము పెట్టారు. జెస్సీ గారు ఇండ్లు కట్టారు, బడులు పెట్టారు, పండ్లు పీకారు, పుండ్లు కడిగారు, వ్యవసాయము నేర్పారు.

చాలాకాలము వరకు కొండ మనుషులు వారి మాట వినలేదు. అక్కడి పూజారి వారిని గట్టిగా ఎదిరించాడు. మొదటి ప్రపంచ యుద్ధము చివర ఇన్‌ఫ్లుయెంజా జ్వరము లోకమంతా వ్యాపించినప్పుడు ఆ పూజారి, అతని భార్య కూడా మంచము పట్టారు. బంధువులు పారిపోయినప్పటికీ జెస్సీ గారు గంజి కాచి తీసుకువెళ్లి వారికి పరిచర్య చేశారు. చనిపోయే ముందు ఆ పూజారి తన పసిబిడ్డను ఈ దంపతుల చేతిలో పెట్టాడు. అప్పటినుండి ఆ కొండమీద వారికి తలుపులు తెరుచుకొన్నాయి.

పాల్ బాబుకు, చెల్లెలు కోనీకి ఆ కొండలే బడి. చెట్లెక్కడము, పురుగులను పట్టి చూడడము, తండ్రి వెంట నడవడము వారి చదువు. ఒకనాడు ముగ్గురు కుష్ఠురోగులు వారి వాకిటికి వచ్చారు. తండ్రి చేతికి తొడుగులు వేసుకొని వారి పుండ్లు కడిగి కట్టు కట్టాడు. తల్లి పిల్లలను దూరముగా ఉండమన్నది. వారు వెళ్లిన తరువాత కూడా పిల్లలు వారు కూర్చున్న చోట ఆడుకోవడానికి భయపడ్డారు. పెద్దయ్యాక తన బ్రతుకంతా అటువంటివారి మధ్యనే గడుస్తుందని ఆ పిల్లవానికి అప్పుడు తెలియదు.

1923లో, తొమ్మిదేండ్ల వయస్సులో, చదువు నిమిత్తము పాల్‌ను, చెల్లెలిని ఇంగ్లండులో బంధువుల దగ్గర విడిచిపెట్టారు. తల్లిదండ్రులు తిరిగి కొండకు వచ్చారు. 1929 జూన్‌లో జెస్సీ గారు బ్లాక్‌వాటర్ ఫీవర్ అనే ప్రమాదకరమైన మలేరియా జ్వరముతో చనిపోయారు. మరణవార్త తంతి ద్వారా వెంటనే చేరింది. కాని ఆయన ముందుగా వ్రాసిన ఉత్తరములు ఓడమీద మెల్లగా వస్తూ, ఆయన పోయిన తరువాత కూడా కొన్ని వారములు కుమారునికి అందుతూనే ఉన్నాయి. వలస వచ్చిన మనకు ఆ బాధ కొంత అర్థమవుతుంది. తల్లిదండ్రుల కడచూపు దొరకనివారు మన సంఘములలో ఎందరో ఉన్నారు.

వడ్రంగి నుండి వైద్యుడు

పాల్ గారికి డాక్టరు కావాలనే కోరిక మొదట లేదు. తండ్రి పుండ్లు కడగడము చూసి, ఆ చీము, రక్తము అంటే అసహ్యము పెంచుకొన్నారు. తండ్రివలె ఇండ్లు కట్టే మిషనెరీ కావాలనుకొని, బడి చదువు ముగిసిన తరువాత కొన్ని సంవత్సరములు వడ్రంగము, తాపీపని నేర్చుకొన్నారు. ఆ చదువు వృథా పోలేదని తరువాత చూస్తాము. కొయ్యను, ఉలిని, గోడను ఎరిగిన చేతులే తరువాత కత్తిని పట్టుకొన్నాయి.

మిషనెరీలకు ప్రథమ చికిత్స నేర్పే లివింగ్‌స్టన్ కాలేజీలో ఒక సంవత్సరము చదివినప్పుడు ఆయన మనస్సు మారింది. రక్తము పోయి చావుకు సిద్ధమైన ఒక స్త్రీకి ఆసుపత్రిలో రక్తము ఎక్కించగా, ఆమె బుగ్గలకు తిరిగి రంగు రావడము, ఆమె కన్నులు తెరవడము ఆయన దగ్గరుండి చూశారు. ఆనాడు రక్తమంటే అసహ్యము పోయింది. 1937లో లండన్ యూనివర్సిటీ కాలేజ్ ఆసుపత్రి వైద్య కళాశాలలో చేరారు. తోటి విద్యార్థిని మార్గరెట్ బెర్రీ గారిని 1943లో వివాహము చేసుకొన్నారు. యుద్ధకాలములో లండన్ మీద బాంబులు పడుతుంటే, గాయపడినవారికి రాత్రింబవళ్లు శస్త్రచికిత్స చేస్తూ చేయి తిరిగిన సర్జనుగా తయారయ్యారు.

అదే సమయములో వేలూరులో ఒక అవసరము వచ్చింది. డాక్టర్ ఐడా స్కడర్ అమ్మగారు 1900లో ఒక్క మంచముతో మొదలుపెట్టిన ఆసుపత్రి అప్పటికి పెద్దదైంది. 1918 నుండి అక్కడ స్త్రీలకు వైద్యవిద్య నేర్పుతున్నారు. ఆ బడిని పూర్తి డిగ్రీ ఇచ్చే కళాశాలగా మార్చాలంటే పెద్ద డిగ్రీలున్న ఆచార్యులు కావాలి. ఆ పని మీద ఉన్న డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ గారు బ్రాండ్ గారిని పిలిచారు. ఆయన 1946 చివర వేలూరు చేరారు. మార్గరెట్ అమ్మగారు పిల్లలతో తరువాతి సంవత్సరము వచ్చారు.

చెంగల్పట్టులో ఒక ప్రశ్న

కాక్రేన్ గారు కుష్ఠురోగ చికిత్సలో పేరుగాంచిన వైద్యుడు. 1947లో ఆయన బ్రాండ్ గారిని చెంగల్పట్టులోని కుష్ఠు ఆసుపత్రి చూడడానికి తీసుకువెళ్లారు. అక్కడ రోగులు వందలమంది. చర్మపు మచ్చలకు కాక్రేన్ గారు మందు చెబుతున్నారు. బ్రాండ్ గారి చూపు మాత్రము వారి చేతులమీదే నిలిచింది. కొందరి వ్రేళ్లు డేగ గోళ్లవలె ముడుచుకొని ఉన్నాయి. కొందరికి వ్రేళ్లకు బదులు మొండి కణుపులే మిగిలాయి. ఇవి ఇలా ఎందుకైనవని ఆయన అడిగారు. కాక్రేన్ గారు తనకు చర్మము సంగతే తెలుసునని, ఎముకల వైద్యులెవరూ ఈ చేతుల వంక చూడనే లేదని బదులు చెప్పారు. లోకములో లక్షలమంది చేతులు పోగొట్టుకొంటున్నారు, ఒక్క ఎముకల సర్జను కూడా వాటిని పరీక్షించలేదు! ఆ మాట బ్రాండ్ గారి మనస్సులో నాటుకొన్నది.

ఆ రోజే ఆయన ఒక యువకుని ముడుచుకొన్న చేతిలో తన చేయి పెట్టి, గట్టిగా పట్టుకొమ్మన్నారు. ఆ పట్టుకు ఆయనకే నొప్పి పుట్టి చేయి లాగుకొన్నారు. పనికిరాదనుకొన్న ఆ చేతిలో బలమైన కండరములున్నాయి! అయితే ఏవి చచ్చాయి, ఏవి బ్రతికి ఉన్నాయి? ఆయన పరిశోధనకు ఇదే మొదటి మెట్టు.

తరువాత వేలూరులోను, చెంగల్పట్టులోను ఆయన, ఆయన తోటివారు వందల చేతులను ఒక్కొక్క వ్రేలుగా పరీక్షించారు. ఏ కండరము కదులుతుంది, ఎక్కడ స్పర్శ ఉన్నది అని పటములు గీశారు. చనిపోయిన ఒక రోగి చేతిని, కాలిని రాత్రంతా కూర్చొని కోసి, నరములను మొదటినుండి చివరివరకు బయటికి తీసి చూశారు. నరము అంతటా పాడైపోలేదు. మోచేయి దగ్గర, మణికట్టు దగ్గర, మోకాలి ప్రక్కన, చీలమండ దగ్గర మాత్రమే ఉబ్బి ఉన్నది. ఆ చోట్లన్నిటా నరము చర్మమునకు దగ్గరగా ఉంటుంది. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ గారు కనుగొన్న ఈ రోగపు క్రిమికి చల్లని చోటు ఇష్టము. శరీరపు లోతున వేడి ఉంటుంది, చర్మము దగ్గర చల్లదనము ఉంటుంది. క్రిమి ఉన్నచోట నరము వాచి, నలిగి, చచ్చిపోతుంది.

దీనివలన ఒక గొప్ప లాభము కలిగింది. చిటికెన వ్రేలి వైపు నరము మోచేయి దగ్గర దెబ్బతింటే అరచేతిలోని చిన్న కండరములు చచ్చి, వ్రేళ్లు ముడుచుకొంటాయి. కాని మధ్య నరము మణికట్టు దగ్గర మాత్రమే దెబ్బతింటుంది. అంతకుముందే ఆ నరమునుండి కొమ్మలు అందుకొన్న ముంజేతి కండరములు చక్కగా ఉంటాయి. ఏ రోగిని చూసినా ఇదే వరుస. అలాగైతే మంచి కండరపు త్రాడును తెచ్చి, చచ్చిన కండరము చేయవలసిన పనికి కట్టవచ్చును గదా!

మట్టిగోడల గదిలో

ఇక్కడ రెండు అడ్డంకులు వచ్చాయి. కుష్ఠురోగి మాంసము చెడిపోయినదని, కోస్తే గాయము మానదని వైద్యులందరి నమ్మకము. రెండవది, కుష్ఠురోగులను చేర్చుకొంటే మిగిలిన రోగులు పారిపోతారని ఆసుపత్రులన్నిటా ఉన్న భయము. అందుచేత బ్రాండ్ గారి తొలి పని ప్రహరీ ప్రక్కన మట్టిగోడల చిన్న గదిలో జరిగింది.

శస్త్రచికిత్స పద్ధతి ఇది. వ్రేలిని వంచడానికి దేవుడు రెండేసి త్రాళ్లు అమర్చాడు. ఈ త్రాళ్లను వైద్యులు స్నాయువులంటారు. రెండింటిలో ఒకటి తీసినా రెండవది పని చేస్తుంది. తీసినదానిని చీల్చి, అరచేతిలోగుండా నడిపి, వ్రేళ్ల ప్రక్కన కుట్టివేస్తే, ముడుచుకొన్న వ్రేళ్లు తిరిగి చాచుకొంటాయి. ఇతర కారణములవలన చచ్చుబడిన చేతులకు అమెరికాలో ఇటువంటి పద్ధతి ముందే ఉన్నది. బ్రాండ్ గారు దానిని కుష్ఠురోగుల చేతులకు మలిచారు, తరువాత మణికట్టును లేపే కండరముతో చేసే తన సొంత పద్ధతిని కూడా తెచ్చారు. సుమారు మూడు వారములు పట్టీలో ఉంచి, ఆ తరువాత నెలల తరబడి వ్యాయామము చేయించాలి. ఒక పనికి అలవాటుపడిన కండరమునకు మెదడు క్రొత్త పని నేర్పాలి గదా!

గాయము మానింది. అందరి గాయములవలెనే మానింది. చెడిపోయిన మాంసమనే మాట అబద్ధమని తేలింది. 1952లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ వారు ఈ సంగతులమీద హంటేరియన్ ఉపన్యాసమిచ్చే గౌరవము ఆయనకు ఇచ్చారు. మార్గరెట్ అమ్మగారు కూడా ఊరకుండలేదు. కుష్ఠురోగులకు రెప్ప వాల్చే కండరము చచ్చి కన్నులు ఎండి గ్రుడ్డివారవుతున్నారు. నమిలే కండరములో కొంత తెచ్చి రెప్పకు కట్టే శస్త్రచికిత్స ఆమె చేసేవారు. అటువంటి రోగి ఏదైనా నములుతుంటే రెప్పలు వాలుతాయి, కన్ను తడుస్తుంది.

బాగుపడిన చేతికి పని ఏది?

చేతులు చాచుకొని సంతోషముగా ఇంటికి వెళ్లినవారు కొందరు కొన్ని నెలలకు ఆకలితో తిరిగి వచ్చారు. వారిని ఎవరూ పనిలో పెట్టుకోలేదు. ముడుచుకొన్న చేతికి భిక్షమైనా పడేది, ఇప్పుడు చక్కని చేతికి అదీ పడడము లేదని వారి మొర. వైద్యునికి ఇది చెంపపెట్టు. చేయి బాగుచేస్తే మనిషి బాగుపడినట్టు కాదని ఆయన గ్రహించారు.

ఒక వృద్ధ మిషనెరీ అమ్మగారు తన పొదుపు సొమ్ము ఇవ్వగా, 1950లో కళాశాల ఆవరణములోనే నవజీవ నిలయము ఏర్పడింది. పల్లెటూరివలె గుడిసెలు వేశారు. అక్కడ రోగులు బొమ్మలు, కొయ్యసామానులు చేయడము నేర్చుకొన్నారు. నేర్పినది ఎవరు? వడ్రంగి పాల్ బ్రాండ్ గారే. కొల్లిమల కోసము నేర్చిన పని ఇక్కడ అక్కరకు వచ్చింది.

పోయిన వ్రేళ్ల గుట్టు

ఆ నిలయములోనే ఆయన జీవితపు ముఖ్యమైన సంగతి బయటపడింది. శస్త్రచికిత్స అయి, మందుతో రోగము అణగినవారికి కూడా వ్రేళ్లు కురచ అవుతూనే ఉన్నాయి. ఎందుకని?

ఒకనాడు గిడ్డంగి తాళము తుప్పు పట్టి ఎవరికీ రాలేదు. ఒక సన్నని కుర్రవాడు ముందుకు వచ్చి ఒక్క తిప్పుతో తీశాడు. అంత బలము ఎక్కడిదా అని బ్రాండ్ గారు ఆశ్చర్యపడి చూడగా, అతని వ్రేలినుండి రక్తము కారుతున్నది. తాళపుచెవి చర్మమును, మాంసమును కోసుకొని ఎముకవరకు దిగింది. కుర్రవానికి తెలియనే లేదు.

నొప్పి మనల్ని ఒకచోట ఆపుతుంది. ఆ కుర్రవానిని ఆపేది ఏదీ లేదు. అప్పటినుండి బ్రాండ్ గారు ప్రతి ఒక్కరి చేతులను ప్రతి దినము పరీక్షించి, వ్రేళ్లు కొలిచి, ఏ చిన్న గాయమైనా దాని కారణము దొరికేవరకు విడిచిపెట్టలేదు. పొయ్యిమీది గిన్నెను వట్టి చేతితో దించినందున ఒకరికి బొబ్బ. సుత్తి పిడిలోని పేడు గుచ్చుకొని మరొకరికి పుండు. కొందరికి మాత్రము రాత్రి పడుకొన్నప్పుడు ఉన్న వ్రేలి ముక్క తెల్లవారేసరికి లేదు! దీని కారణము ఎంతకూ దొరకలేదు. చివరకు రాత్రి కాపలా ఉండి చూస్తే, ఎలుకలు వచ్చి కొరుకుతున్నాయి. స్పర్శ లేని మనిషికి మెలకువ రాలేదు. అంతటితో నిలయమువారికి పిల్లులను పెంచుకొమ్మని చెప్పారు.

దాదాపు ప్రతి గాయమునకు కారణము దొరికింది. వ్రేళ్లు వాటంతట అవి రాలిపోవడము లేదు. రోగము వాటిని తినడము లేదు. నొప్పి అనే కావలివాడు లేనందున రోజుకొక చిన్న దెబ్బ, దానికి చీము, చీము వలన ఎముక అరుగుదల, ఇలా మెల్లగా కురచ అవుతున్నాయి. బల్లికి తోక తెగితే తిరిగి పెరుగుతుంది, మనిషికి వ్రేలు తెగితే తిరిగి మొలవదు. కనుక ఉన్నదానిని కాపాడడమే వైద్యము. పనిముట్లకు మెత్తని పిడులు, వంటకు గుడ్డపట్టు, పడుకొనే ముందు చేతులు కాళ్లు పరీక్షించుకోవడము, ఇవే ఆయన వ్రాసిన మందుచీటీ.

అరికాలి పుండ్ల విషయము కూడా ఇంతే. మనకు ఒకచోట ఒరుసుకొంటే తెలియకుండానే నడక మార్చుకొంటాము. స్పర్శ లేనివాడు అదే చోట వేల అడుగులు వేసి పుండు చేసుకొంటాడు. కాలికి పట్టీ వేసి కదలకుండా ఉంచితే సంవత్సరముల నాటి పుండ్లు కూడా మానాయి. మెత్తని రబ్బరుతో చెప్పులు తయారు చేయించారు.

కరిగిరి, గుడియాత్తం

ఈ పరిశోధన పెరిగిన కొలది ప్రత్యేక స్థలము కావలసివచ్చింది. కాట్పాడికి సమీపమున కరిగిరి అనే రాళ్ల నేల ఉన్నది. ఏనుగువంటి కొండ ఉన్నందున ఆ పేరు. వేలూరు కాలేజీ, ఇంగ్లండు, అమెరికా దేశముల కుష్ఠు మిషనులు కలిసి 1955లో అక్కడ షీఫెలిన్ కుష్ఠు పరిశోధన కేంద్రమును నెలకొల్పాయి. దాని శస్త్రచికిత్సకు, పరిశోధనకు పునాది వేసినవారిలో బ్రాండ్ గారు ముఖ్యులు. ఆయన దగ్గర నేర్చిన డాక్టర్ ఎర్నెస్ట్ ఫ్రిట్చి గారు ఆ పనిని కొనసాగించడమే గాక, ఆ రాళ్ల నేలను చెట్లతో నింపారు.

కరిగిరివారు ఆసుపత్రిలో కూర్చొని రోగులు వచ్చేవరకు ఆగలేదు. గుడియాత్తం తాలూకాను తమ సేవాక్షేత్రముగా తీసుకొని, 1960ల నుండి ఊరూరా, ఇంటింటా తిరిగి మచ్చలు పరీక్షించారు. గుడియాత్తం దారి అంతకుముందే వైద్యసేవకు పేరుపొందినది. ఐడా స్కడర్ అమ్మగారు వారానికొకసారి వేలూరు నుండి ఆ దారిన బండిలో వెళ్తూ, చెట్ల క్రింద ఆగి రోగులను చూసేవారు. గుడియాత్తం అంటే లుంగీలు నేసే మగ్గాలు, అగ్గిపెట్టెలు, బీడీలు. అక్కడి పేదవానికి వ్రేళ్లే ఆస్తి. మచ్చ దశలోనే రోగము పట్టుకొంటే వ్రేళ్లు నిలుస్తాయి, మగ్గము ఆడుతుంది. ఆ పల్లెలలో సేకరించిన లెక్కలు తరువాత ప్రపంచములోని కుష్ఠు వైద్యులందరికీ ఉపయోగపడ్డాయి.

బ్రాండ్ గారి శిష్యులలో డాక్టర్ మేరీ వర్గీస్ గారిని కూడా చెప్పాలి. 1954లో కారు ప్రమాదములో ఆమెకు నడుము క్రింద చచ్చుబడింది. బ్రతుకు ముగిసిందనుకొన్న ఆమెను బ్రాండ్ గారు ప్రోత్సహించారు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చొని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్స చేశారు. తరువాత వేలూరులో అంగవికలుర పునరావాస విభాగమును నడిపారు.

ఒక రాత్రి భయము

1950ల మొదటిలో బ్రాండ్ గారు అమెరికా ప్రయాణము ముగించుకొని లండన్ చేరారు. రైలులో గంటల తరబడి కదలక కూర్చొని, రాత్రి మేజోళ్లు విప్పుతుంటే మడమలో స్పర్శ లేదు. సూది గుచ్చుకొన్నారు, నొప్పి లేదు. తనకు కుష్ఠు వచ్చిందని తలచి ఆ రాత్రంతా నిద్రపోలేదు. భార్యాపిల్లలకు దూరముగా బ్రతకాలి, తన రోగుల వరుసలో తానే నిలబడాలి అని తలపోశారు. తెల్లవారి మరల సూది గుచ్చుకొంటే చురుక్కుమన్నది. అది కదలక కూర్చున్నందున పట్టిన తిమ్మిరి మాత్రమే! ఆ చురుకు కోసము ఆయన దేవునికి స్తోత్రము చెప్పారు. అంతవరకు రోగుల భయమును బయటనుండి చూసిన వైద్యుడు ఆ ఒక్క రాత్రి లోపలనుండి చూశాడు.

అమెరికాలో

1960లో లాస్కర్ పురస్కారము, 1961లో బ్రిటిషు ప్రభుత్వపు సి.బి.ఇ. బిరుదు ఆయనకు లభించాయి. 1966లో ఆయన కుటుంబముతో అమెరికాలోని లూసియానా రాష్ట్రములో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లారు. 1986లో పదవీ విరమణ వరకు అక్కడే పని చేశారు.

అక్కడ ఆయన ఇంజనీరులతో కలిసి కృత్రిమమైన నొప్పిని తయారుచేయాలని ప్రయత్నించారు. చేతితొడుగులలో, మేజోళ్లలో యంత్రములు అమర్చి, ఒత్తిడి ఎక్కువైతే శబ్దము వచ్చేటట్లు, దీపము వెలిగేటట్లు చేశారు. రోగులు పట్టించుకోలేదు. చిన్న కరెంటు షాకు తగిలేటట్లు చేస్తే, పని చేయదలచినప్పుడు దాని మీట ఆపివేసేవారు. కొన్ని సంవత్సరములు శ్రమించి, చాలా డబ్బు ఖర్చుపెట్టి, చివరకు ఆ ప్రయత్నమును విడిచిపెట్టారు. మనము ఆపలేని నొప్పి మాత్రమే మనలను కాపాడగలదని తేలింది. మనము ప్రార్థనలో తొలగించమని అడిగే నొప్పిని ఆయన సృష్టికర్త ఇచ్చిన ఈవి అని పుస్తకములలో వ్రాశారు. నొప్పిని గూర్చిన ఆయన పుస్తకము 1993లో వెలువడింది.

అయితే కార్విల్ పని వ్యర్థము కాలేదు. షుగరు వ్యాధి ముదిరినవారికి కూడా పాదములలో స్పర్శ పోతుంది. కుష్ఠురోగి పాదమునకు, షుగరు రోగి పాదమునకు ఆపద ఒక్కటేనని ఆయన చూపించారు. వేలూరులో చెప్పుల గూర్చి, పట్టీల గూర్చి నేర్చినదంతా షుగరు రోగుల కాళ్లను కాపాడడానికి పనికివచ్చింది.

ఆయన తల్లి ఎవలిన్ అమ్మగారిని కొండ జనము ఎంతో ప్రేమించారు. భర్త పోయిన తరువాత కూడా ఆమె తమిళనాటి కొండలు విడువలేదు. 1974లో 95 ఏండ్ల వయస్సులో ఇక్కడే మరణించారు. పాల్ గారు సియాటిల్ నగరములో 2003 జూలై 8న కన్నుమూశారు. వారికి ఆరుగురు పిల్లలు.

మన సంగతి

1980ల నుండి బహుళ ఔషధ చికిత్స వచ్చింది. ఆరు నెలలు గాని, పన్నెండు నెలలు గాని మందు వాడితే ఈ రోగము నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ మందు ఉచితము. మందు మొదలుపెట్టిన కొద్ది దినములకే ఇతరులకు అంటడము ఆగుతుంది. పదివేలమందికి ఒకరికంటే తక్కువ అనే గుర్తును మన దేశము 2005 చివర చేరింది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016లో రద్దయింది. కుష్ఠు కారణముగా విడాకులు కోరే వీలును 2019 చట్టము తీసివేసింది. అయినను మన దేశములో ఏటా లక్షకు అటూ ఇటూగా క్రొత్త రోగులు బయటపడుతున్నారు. భయపడి దాచుకొన్నవారు వ్రేళ్లు పోయాక వస్తున్నారు.

కనుక మన సంఘములకు రెండు మాటలు. ఒంటిమీద పాలిన మచ్చ ఉండి అక్కడ స్పర్శ లేకపోతే దాచవద్దు, వెంటనే చూపించుకోండి. షుగరు ఉన్నవారు ప్రతి రాత్రి ప్రార్థనకు ముందో తరువాతో అరికాళ్లను అద్దములో గాని, ఇంటివారిచేత గాని చూపించుకోండి. వట్టి కాళ్లతో నడవవద్దు. మాకును షుగరు ఉన్నది. రెండేండ్ల క్రితము చెప్పులో చిన్న రాయి ఉండగా సాయంత్రమువరకు నడిచాము. ఇంటివారు రక్తపు మరక చూసి చెప్పేవరకు మాకు తెలియదు. ఆ రాత్రి తాళపుచెవి తిప్పిన కుర్రవాడు మాకు గుర్తుకు వచ్చాడు.

మా ఊరి గుడి వరండాలో కూర్చున్న పెద్దాయన కూడా గుర్తుకు వచ్చాడు. ఆయనను బయట ఉంచితే బాధ కలుగుతుందని ఆనాడు మా సంఘములో ఎవరికీ తోచలేదు. ఆయన వ్రేళ్లకు లేని స్పర్శ మా మనస్సులకు కూడా లేదు. ఆయన ఈనాడు లేడు, ఆయనకు చేయవలసినది మేము చేయలేము. మన గుడి వరండాలో ఇప్పుడు ఎవరు కూర్చున్నారో వచ్చే ఆదివారము ఒకసారి చూసి, లోపలికి పిలుచుకొని రండి.